ఎడారి దాచిన విమానం

ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరం నుండి సముద్రతీరం వెంట పడమరగా నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తే ఎల్ అలమైన్ వస్తుంది. ఒకవైపు మధ్యధరా సముద్రం, మరొకవైపు అంతులేని ఎడారి. 1942లో రెండవ ప్రపంచ యుద్ధపు గతిని మార్చిన రణరంగం ఇదే. ఇచ్చటి సైనిక ప్రదర్శనశాలలోని ఒక యుద్ధవిమానపు కథ మనబోటి ఉద్యోగులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. దానిని కనుగొన్నవారు సైనికులు కారు, చరిత్రకారులు కారు. 2012లో చమురు సంస్థ పనిమీద ఎడారికి వెళ్లిన పోలండు దేశీయుడొకరు దానిని చూశారు.

సమీప పట్టణానికి సుమారు 300 కిలోమీటర్ల దూరాన, ఇసుకపై పొట్ట ఆనించి పడి ఉన్నదా విమానం. వాన ఎరుగని ఆ నేల దానిని 70 ఏళ్లు తుప్పు పట్టనీయక కాపాడింది. ఆకారాన్ని బట్టి అది అమెరికాలో కర్టిస్ సంస్థ నిర్మించిన పి-40 అనీ, బ్రిటిష్ వాయుసేన కిట్టీహాక్ అని పిలిచిన రకమనీ తెలిసింది. మరి అది ఏ విమానం? ఎవరు నడిపినది?

దాని మీద హెచ్‌ఎస్-బి అనే అక్షరాలున్నాయి. హెచ్‌ఎస్ అనేది 260వ స్క్వాడ్రన్ గుర్తు. బి ఆ దళంలోని ఒక విమానానిది. అయితే ఇంతటితో నిర్ధారణ కాదు. ఒక విమానం నష్టమైతే దాని అక్షరాన్ని మరొకదానికి ఇచ్చేవారు. రూటు నంబరును బట్టి బస్సు ఏ దారిదో తెలుస్తుంది గాని, అది ఏ బస్సో తెలియాలంటే రిజిస్ట్రేషన్ నంబరు చూడవలసిందే కదా! విమానానికి అటువంటిది దాని క్రమసంఖ్య. ఈ విమానం క్రమసంఖ్య ఇటి 574.

ఆ సంఖ్యతో నాటి రికార్డులు పలికాయి. 1942 జూన్ 28న, దెబ్బతిన్న ఈ విమానాన్ని మరమ్మతుకై వేరొక స్థావరానికి తీసుకువెళుతూ 24 ఏళ్ల ఫ్లైట్ సార్జెంట్ డెన్నిస్ కాపింగ్ దారి తప్పారు. విమానం పక్కన పారాచూట్ గుడ్డ, బయటికి తీసిన రేడియో, బ్యాటరీలు కనిపించాయి. నేలకు దిగిన తరువాత ఆయన ప్రాణాలతో ఉండి, నీడ కోసం, సాయం కోసం ప్రయత్నించారని అవి చెబుతున్నాయి. ఆపై ఆయన ఏమైనారో తెలియలేదు.

సమాధి దొరకని వాయుసైనికులు మూడువేలమందికి పైగా పేర్లను చెక్కిన అలమైన్ స్మారకంపై ఆయన పేరున్నది. ఇదే ప్రాంగణంలో, తమ మతాచారం ప్రకారం దహన సంస్కారం జరిగిన ఆరువందలమందికి పైగా సైనికుల స్మారకం ఉన్నది. ఈ గడ్డపై పోరాడిన 4వ, 5వ భారత డివిజన్ల తలపుతో మన యాత్రికులు అక్కడ శిరస్సు వంచక మానరు.

ప్రదర్శనశాలకు చేర్చిన తరువాత ఆ విమానానికి తళతళలాడే కొత్త రంగులు వేశారు. కంటికి ఇంపుగా ఉన్నా, ఎడారి భద్రపరచిన అసలు పూత వాటి కింద మరుగుపడింది. మన కర్మాగారాలలోని పాత యంత్రాలకు రంగు వేసేటప్పుడు సైతం వాటి సంఖ్యాఫలకాలను ఒకసారి చదివి, వ్రాసి ఉంచుకొనడం మంచిది. ఒక మనిషి పేరు నిలవడానికి ఆ మాత్రం ఆధారమే చాలవచ్చు.