ద్వీపాంతరంలో ఒక పగలు

మా సాలూరు లారీల ఊరు. ఘాటురోడ్డెక్కి, సుంకి దాటి, రాయపూరు దాకా సరుకు దింపివచ్చినవాణ్ణి మావాళ్ళు ప్రయాణం చేసినవాడని కూడా అనరు. అటువంటి ఊళ్ళో, సంక్రాంతి సెలవులకు అండమాను వెడుతున్నానని నేను చెప్పేసరికి వీధి వీధంతా ఒకసారి తలెత్తి చూసింది. "అంత నేరం ఏం చేసేరు మాస్టారూ?" అన్నాడు పక్కింటి డ్రైవరు. అతని తప్పులేదు. మనవాళ్ళ చెవికి అండమాను అంటే ఇప్పటికీ సముద్రమూ కాదు, ఇసుకా కాదు, శిక్ష.

ఆ మాటకు నవ్వనిది ఒక్క ముసలమ్మ. నా దగ్గర బి.ఏ. చదువుతున్న అమ్మాయికి అమ్మమ్మ. వాళ్ళది పాచిపెంట పైన కొండమీది ఊరు. ముసలమ్మ పుట్టిల్లు మాత్రం చింతపల్లి వేపు. ఆవేళ సంతకని దిగి, మనమరాలిని వెంటబెట్టుకుని మా అరుగుమీద కూర్చుంది.

"మా తాతని అక్కడికే తీసుకుపోనారు బాబూ, సీతారామరాజు ఫితూరీలో. మరి రానేదు" అంది. ఏడుస్తూ కాదు, ఎవరిదో పొలం కౌలు సంగతి చెబుతున్నట్టు. కాసేపాగి, "అక్కడ జీలుగుచెట్లుంటాయా?" అని అడిగింది. పొద్దున్నే ఇంత జీలుగుకల్లు పడకపోతే ఆ తాతకు మాట పెగిలేది కాదట. వాళ్ళమ్మ చెప్పేదట.

చూసివచ్చి చెబుతానన్నాను. యాత్రికుడికి ఇంతకంటె తేటైన పని ఎవరు అప్పగిస్తారు?

విశాఖపట్నంనుంచి ఓడమీద వెళ్ళాలని నా కోరిక. ఆ తాతను తీసుకుపోయింది నీటిమీదనే కదా! కాని ఓడ తేదీలు నా సెలవులతో పొసగలేదు. మద్రాసు వెళ్ళి విమానమెక్కితే రెండుగంటల చిల్లరలో సముద్రం అయిపోయింది. నల్లనీళ్ళని పేరుపడ్డ నీళ్ళు పైనుంచి చూస్తే నీలంగానే ఉన్నాయి.

పోర్టుబ్లెయిరుకు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు పెట్టేరు. నాకు తగిలిన టాక్సీవాళ్ళ నోళ్ళకు ఆ పేరింకా అలవాటు కాలేదు. నేను దిగిన బసవారే మర్నాటికి ఒక వ్యానూ, దానితో ఒక గైడునూ కుదిర్చేరు. వేకువను అడవి, మధ్యాహ్నం ఊరు, సాయంత్రం జైలు: ఒక్క పగటిలో మూడూ. గైడు ముప్ఫయ్యేళ్ళ కుర్రాడు. మిగిలినవాళ్ళతో హిందీ మాట్లాడి, నావేపు తిరిగి, "మీది ఏ ఊరండి మాస్టారూ?" అన్నాడు. అతని తాత సోంపేట వేపునుంచి చేపలవేటకు వచ్చి ఇక్కడే ఉండిపోయేడట. ఇందులో వింత లేదు. 2011 జనాభా లెక్కలలో ఈ దీవుల్లో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. ఆ పదముగ్గురిలో మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నంవాళ్ళకు కొదవలేదు.

చీకటితోనే బయలుదేరేం. చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఈ దీవులకు గడియారం మనదే కాని సూర్యుడు మనకంటె తొందరపాటువాడు. మా సాలూరుకన్న దాదాపు నలభై నిమిషాలు ముందు లేచి, ముందే పడుకుంటాడు. జనవరిలో సాయంత్రం అయిదున్నరకల్లా దీపాలు పెట్టే ఊరిది. అందుకే గైడు మా అందరినీ అయిదుకే తలుపుతట్టి లేపేడు.

ఊరికి దక్షిణంగా పాతిక కిలోమీటర్ల దూరంలో చిడియా టాపు. పక్షుల దీవి అని అర్థమట. పక్షులు వినిపించేయి కాని, మాలో ఉన్న కొత్తదంపతుల ఫోను పాటలకు బెదిరి కనిపించలేదు. ఒడ్డున పెద్దపెద్ద మానులు బోసిగా, తెల్లగా, వేళ్ళు పైకెత్తి పడివున్నాయి. 2004 డిసెంబరు 26న సముద్రం చేసిన పని. ఆరోజు ఈ దక్షిణపు కొసన నేలే కుంగిందట. నిన్నటిదాకా పొలమనుకున్నది మర్నాటికి ఉప్పునీరైపోయిన చోట్లు దారిలోనే చూపించేడు.

అక్కడనుంచి కొండకొమ్ముకు కాలిబాట. పది నిమిషాలు నడిచేక నాకు సాలూరు వాసన వేసింది. నవ్వకండి. ఎండుటాకు కింద తడిమన్ను వాసన కొండ ఏదైనా ఒకటే కాబోలు. అడుగున పలకల్లాంటి వేళ్ళు వేసి, ఆకాశం దాకా పోయిన చెట్టు దగ్గర గైడు ఆగేడు. "పడౌక్ మాస్టారూ. ఈ దీవులకి ఇదే రాజు" అన్నాడు. కింద రాలిన కాయ తీసి చూసేను. నడుమ గింజ, చుట్టూ పలచని రెక్క. రూపాయి బిళ్ళను అప్పడంలో పెట్టినట్టు. ఈ కాయ నాకు తెలుసు! మా కొండల్లో వేగిసచెట్టు కాయ ఇదే వాలకం. వృక్షశాస్త్రం మాస్టార్లనడిగితే వేగిస, ఎర్రచందనం, ఈ పడౌకు ఒకే ఇంటిపేరు వాళ్ళంటారు. మా ఊళ్ళో చక్కెరజబ్బువాళ్ళు వేగిస గ్లాసులో నీళ్ళు పోసుకు తాగుతారు. సముద్రం ఇవతల దాని అన్నగారు నిలబడ్డాడు.

ఇంకొంచెం పైన, బాట మలుపులో, ముసలమ్మ అడిగినది కనిపించింది. చేపతోకలా చీలిన ఆకు. ఆ ఆకుతో ఈ లోకంలో మరో చెట్టు పొరపడడానికి లేదు. అయితే మన జీలుగు ఒంటిస్తంభంగా పెరుగుతుంది. ఇది పిలకలు వేసి గుంపుగా, కాస్త పొట్టిగా ఉంది. చెల్లెలు వరస అనుకోవచ్చు. గైడు దాన్ని దాటి వెళ్ళిపోయేడు. అతని పాఠంలో ఆ చెట్టు లేదు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయేను.

ఎందుకంటే, ఈ కథ మొదలు కల్లుతోనే. 1879లో రంప మన్యం తిరగబడడానికి ఉన్న కారణాల్లో ఒకటి చిగురుపన్ను: తన చెట్టునుంచి తాను గీసుకున్న కల్లుకు పన్ను. ఆ ఫితూరీలో పట్టుబడినవాళ్ళలో చాలామందిని ఈ దీవులకే పంపేరు. తరవాత 1882 మద్రాసు అటవీచట్టం వచ్చింది. పోడు కొట్టరాదు, పుల్ల విరవరాదు. ఆపైన నర్సీపట్నంనుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయడానికి గూడెం తహసీలు బాస్టియన్ దొర కొండవాళ్ళచేత చేయించిన వెట్టి. అవన్నీ కలిసి 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషనుమీద పడ్డాయి. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చిచంపేరు. ముసలమ్మ తాతవంటివాళ్ళు దొరికిపోయేరు.

ఇక్కడ 1858 మార్చిలో ఖైదీల నివాసం పెట్టినప్పుడు వాళ్ళచేత చేయించిన మొదటి పని ఏమిటనుకున్నారు? అడవి నరకడం. అదే శిక్ష. తన కొండమీద గొడ్డలి ఎత్తితే నేరమైంది. ద్వీపాంతరం తెచ్చి, అదే గొడ్డలి చేతికిచ్చి, నరకకపోతే నేరమన్నారు. 1879 నాటి రంప మనుషుల చేతుల్లోకి ఆ గొడ్డలి ఎలా వచ్చివుంటుందో ఆ జీలుగుపొద ముందు నిలబడి ఊహించుకున్నాను. దానితో పోడు కొట్టడం వాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు.

"మాస్టారూ, పాములేటైనా చూసేరేటి?" అని పైనుంచి కేక వచ్చింది. కదిలేను.

ఊరి సంగతి ముక్తసరిగా చెప్పేస్తాను. చాతం అనే చిన్నదీవిలో 1883లో పెట్టిన రంపపుమిల్లు ఉంది. ఎర్రటి పడౌకు దుంగలు, పొట్టువాసన. రంప మనుషులను తలుచుకుంటూ రంపపుమిల్లు చూడవలసిరావడం తెలుగు మాస్టరుకు తప్ప మరొకరికి పట్టే బాధ కాదు. ఎబర్డీన్ బజారులో గడియారస్తంభం దగ్గర భోజనం. వడ్డించినావిడ "ఇంకాస్త చారెయ్యమంటారేటి?" అనేసరికి నేను విజయనగరం బస్టాండు దగ్గర ఉన్నాననుకున్నాను. ఎదురుగా నీళ్ళలో రాస్ దీవి. ఒకప్పుడు దొరలు కాపురమున్నది. 2018లో దానికి నేతాజీ పేరు పెట్టేరు. మలబారునుంచి 1921 తిరుగుబాటు తరవాత తెచ్చిన మాప్పిళ్ళలు కుటుంబాలను రప్పించుకుని ఇక్కడే నాటుకున్నారు. వండూరు, మంజేరి, కాలికట్ అని వాళ్ళ ఊళ్ళపేర్లే ఈ నేలకు పెట్టుకున్నారు. దారిపొడుగునా బోర్డులు చదువుతూనే ఉన్నాను. రంప అనిగాని, గూడెం అనిగాని ఒక్క బోర్డూ నా కంట పడలేదు.

మూడుగంటలకు జైలు.

1896లో మొదలెట్టి 1906లో పూర్తిచేసేరు. ఇటుక బర్మానుంచి తెచ్చేరు. మనుషులను అన్ని రాష్ట్రాలనుంచీ తెచ్చేరు. నడుమ స్తంభంనుంచి బండిచక్రం ఆకుల్లా ఏడు బారులు, మూడేసి అంతస్తులు, దాదాపు ఏడువందల గదులు. ఇప్పుడు మిగిలినవి మూడు బారులే. పడిపోయినవాటి తావున 1963లో పెద్దాసుపత్రి వచ్చింది. రోగులను చూడవచ్చిన చుట్టాలు కారియర్లు పట్టుకుని ఆ గోడ పక్కనుంచే నడిచిపోతున్నారు. 1979 ఫిబ్రవరి 11న మొరార్జీ దేశాయి దీన్ని జాతీయ స్మారకమని ప్రకటించేరు.

ఈ కట్టడంలో క్రూరత్వమంతా లెక్కలో ఉంది. ఒక బారు ముఖం పక్కబారు వీపును చూస్తుంది. కాబట్టి తలుపు దగ్గర నిలబడ్డ ఖైదీకి మరో ఖైదీ ముఖం కనపడదు. గడియ తాళం తలుపుకు లేదు. పక్కగోడలో గూడుచేసి దూరంగా బిగించేరు, లోపలివాడి చెయ్యి అందకుండా. గది పదమూడున్నర అడుగుల పొడుగు, ఏడడుగుల వెడల్పు. మా ఊళ్ళో లారీకి కట్టే బాడీ వెడల్పు ఏడడుగులే. పొడుగు మాత్రం ఇంకా ఎక్కువ. వెనకగోడకు పదడుగుల ఎత్తున చిన్న కంత. అందులోంచి ఆకాశం వస్తుంది, చూపు పోదు.

కొత్తదంపతులు ఒక గదిలో దూరి, ఊచలు పట్టుకుని ఫొటో తీయించుకున్నారు. నాకు కోపం రాబోయింది కాని, ఆ పిల్ల బయటికి వచ్చేక చాలాసేపు మాట్లాడలేదు. నేనూ ఒక గదిలోకి వెళ్ళి, "ఓసారి గడియ వెయ్యి తమ్ముడూ" అన్నాను. వేసేడు. రెండు నిమిషాలు. కొండమీద పుట్టినవాడికి నాలుగువేపులా చూడడం అలవాటు. ఇక్కడ చూడడానికి ఉన్నది ఎదుటిబారు వీపు. గడియ తీసేటప్పుడు ఆ ఇనుము చేసిన చప్పుడు మటుకు ఇప్పటికీ చెవిలో ఉంది.

నూనెగానుగ చూపించేడు. ఎద్దుకు బదులు మనిషిని కట్టి, రోజుకు ముప్ఫై పౌన్ల కొబ్బరినూనె తీయమనేవారట. సావర్కరు గది చూపించేడు. 1933 నిరాహారదీక్షలో ప్రాణాలు విడిచిన మహావీర్ సింగు, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రల పేర్లు చెప్పేడు. ముగ్గురిని ఒకేసారి తీసే ఉరికంబం చూపించేడు. అంతా బాగా చెప్పేడు. "మన రంపవాళ్ళ మాటేమిటి?" అని అడిగేను. "ఉన్నారండి, ఒక లైను వొస్తాది" అన్నాడు కొంచెం సిగ్గుపడి. ఆ ఒక లైనుకు నేను తెలిసినవి రెండు కలిపేను. కాకినాడ బాంబు కేసులో ఇక్కడికి వచ్చిన ప్రతివాది భయంకర వెంకటాచారి సంగతి ఒకటి. సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర సంగతి రెండోది. ఉరిశిక్ష పడి, అది యావజ్జీవంగా మారి, ఈ అండమానుకు వచ్చి, తిరిగివెళ్ళి, 1952లో విశాఖపట్నంనుంచి లోకసభకు ఎన్నికైన మనిషి. గైడు నడక ఆపేసి విన్నాడు. "మరి పార్లమెంటుకెళ్ళేడా!" అని జేబులోంచి చిన్నపుస్తకం తీసి రాసుకున్నాడు.

మాటల్లో మాట. ఫితూరీ అంటే మనకు ఒకప్పుడు తిరుగుబాటు. ఇవాళ మా క్లాసులో పిల్లలు ఒకరిమీద ఒకరు చెప్పుకునే చాడీలు పితూరీలు. మాటకు పట్టిన గతి చూడండి.

నడిమి స్తంభంలో పాలరాతి పలకలమీద రాష్ట్రాలవారీగా పేర్లు చెక్కేరు. వంగదేశానివి బారులు తీరివున్నాయి. వెలుగు తగ్గిపోతోంది, గైడు తొందరపెడుతున్నాడు. కళ్ళజోడు సవరించుకుని పలక దగ్గరకు వంగేను. అప్పుడు తట్టింది. వెతకడానికి నా దగ్గర పేరేదీ? ముసలమ్మను నేను తాత పేరు అడగలేదు. పరీక్షలో పిల్లలు నంబరు వేయడం మరిచిపోతే చీవాట్లు పెట్టేవాణ్ణి, ఇంత దూరం వచ్చి పేరు లేకుండా పేర్ల ముందు నిలబడ్డాను. చెట్టు సంగతి మాత్రం పదిలంగా మోసుకొచ్చేను.

సాలూరు చేరేక, తరవాతి సంతనాడు ఆవిడ వచ్చింది. మొదట అదే అడిగేను. "మీ తాత పేరేమిటమ్మా?"

"తాతకి పేరేటి బాబూ! మా యమ్మ అయ్య అనీది" అంది.

మనమరాలు తల వంచుకుంది. నేను జీలుగు సంగతి చెప్పేను. అచ్చం మనదే ఆకు; పొట్టిది; పిలకలు వేస్తుంది; అడవిలో బాటపక్కనే ఉంది. ముసలమ్మ శ్రద్ధగా విన్నది. గది ఎంతుందో, గడియ ఎక్కడుందో చెప్పబోతే చెయ్యి అడ్డుపెట్టింది. చెట్టు దగ్గరకే తీసుకువచ్చింది నన్ను.

"దానికి కల్లు దిగుద్దా?"

తెలీదన్నాను.

"ఎల్లినోడివి, అది కనుక్కోనేదా?" అంది.