రోజుకి ఒకటిన్నర యూనిట్.. ఎడారిలో ఆరు రోజులు

అరిజోనాలో ఫీనిక్స్ నుంచి ఐ-10 హైవే మీద పడమటికి సుమారు 200 కిలోమీటర్లు వెళ్తే క్వార్ట్‌జ్‌సైట్ అనే ఊరొస్తుంది. జనాభా రెండున్నర వేలు కూడా ఉండదు. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ఎండకి రోడ్డు మీద పురుగు కూడా కనిపించదు. అదే జనవరిలో వెళ్లారనుకోండి, ఊరి చుట్టూ కనుచూపు మేర తెల్లటి ట్రైలర్లే! మంచు రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి చలి తప్పించుకుని వచ్చే రిటైర్డ్ జనం. వీళ్లని ఇక్కడ ‘స్నోబర్డ్స్’ అంటారు. 2021లో బెస్ట్ పిక్చర్ ఆస్కార్ కొట్టిన ‘నోమాడ్‌ల్యాండ్’ చూశారా? అందులో కనిపించే ఎడారి క్యాంపు ఇక్కడిదే.

ఊళ్లో తప్పకుండా చూడాల్సింది హై జాలీ సమాధి. ఆయన అసలు పేరు హాజీ అలీ. 1850ల్లో ఎడారిలో సామాన్లు మోయించడానికి అమెరికా సైన్యం ఒంటెల్ని తెప్పిస్తే, వాటిని చూసుకోవడానికి వచ్చిన మనిషి. 1902లో ఇక్కడే పోయాడు. రాళ్లతో కట్టిన చిన్న పిరమిడ్, పైన ఒంటె బొమ్మ. పేరు పలకలేక హాజీ అలీని హై జాలీ చేసేశారు. మన పేర్లకి ఇక్కడి ఆఫీసుల్లో జరిగేది కొత్తేం కాదన్నమాట.

చుట్టూ ఉన్న నేలలో చాలా భాగం కేంద్ర ప్రభుత్వానిది. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చూసుకుంటుంది. కొన్ని చోట్ల 14 రోజుల వరకు ఉచితంగా ఉండొచ్చు. లా పోసా అనే ఏరియాలో పర్మిట్ కొనుక్కుంటే సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 వరకు కదలక్కర్లేదు. అయితే వాళ్లిచ్చేది ట్రైలర్ పెట్టుకునే చోటు మాత్రమే. ప్లగ్గు పెట్టుకోవడానికి కరెంటు ఉండదు. ఎవరి కరెంటు వాళ్లే తయారు చేసుకోవాలి.

టాప్ ఎక్కిన ఇంజినీర్లు

నేనూ, మా రూమ్మేటూ కలిసి 19 అడుగుల పాత ట్రావెల్ ట్రైలర్ ఒకటి కొన్నాం. పికప్ ట్రక్ వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు. మంచం, గ్యాస్ స్టవ్, బాత్రూమ్ అన్నీ ఉంటాయి. సంక్రాంతి వారంలో ఆరు రోజులు లా పోసాలో ఉండాలి, అక్కడి నుంచే ఆఫీసు పని కూడా చెయ్యాలి అన్నది ప్లాన్.

ట్రైలర్ పైకప్పు అంటే సన్నటి చెక్క మీద రబ్బరు పొర. ఎక్కడ పడితే అక్కడ స్క్రూ దిగదు. కింద అడ్డకర్రలు ఎక్కడున్నాయో వెతికి, వాటిలోకే బిగించాలి. ప్రతి బ్రాకెట్ కింద బ్యూటైల్ టేప్, స్క్రూల మీద దానంతట అదే పరుచుకునే సీలెంట్. ఇక్కడ పిసినారితనం చూపిస్తే మొదటి వానకే మంచం తడుస్తుంది. ప్యానెల్‌కీ పైకప్పుకీ మధ్య గాలి ఆడేలా ఖాళీ వదలాలి. ప్యానెల్ వేడెక్కితే కరెంటు తగ్గుతుంది కాబట్టి.

మేం 200 వాట్ల ప్యానెళ్లు రెండు పెట్టాం. పైన ఏసీ పెట్టె నీడ ఒకదాని మీద పడుతుందని రెండింటినీ ప్యారలల్‌లో కలిపాం. అలా చేస్తే ఒకటి నీడలో ఉన్నా రెండోది తన పని తను చేసుకుంటుంది. వైర్లు కిందకి దిగి ఎంపీపీటీ కంట్రోలర్‌కి వెళ్తాయి. ప్యానెల్ నుంచి వచ్చే వోల్టేజీని బ్యాటరీకి కావాల్సినట్టు మార్చి, ఉన్న ఎండలోంచి ఎక్కువ కరెంటు పిండేది అదే. ముందు బ్యాటరీ కలపాలి, ఆ తర్వాతే ప్యానెల్. బ్యాటరీకి దగ్గర్లో ఫ్యూజు తప్పనిసరి.

బ్యాటరీలు 100 ఆంపియర్-అవర్లవి రెండు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. రెండూ కలిపి దాదాపు 2500 వాట్-అవర్లు. వీటిని సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చెయ్యకూడదు. అందుకే బయట పెట్టెలో కాకుండా మంచం కింద పెట్టాం.

ఎక్సెల్ షీట్ చెప్పిన నిజం

మన కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 1000 వాట్-అవర్లు. ప్యానెళ్లు కొనకముందే మా వాడకం అంతా షీట్‌లో రాసుకున్నాం. స్టార్‌లింక్ 9 గంటలకి 540. రెండు ల్యాప్‌టాప్‌లు 480. రాత్రి గ్యాస్ హీటర్ గాలిని ఇల్లంతా తిప్పే ఫ్యాన్‌కి 400. లైట్లు, నీళ్ల మోటారు, ఫోన్లు, మిక్సీ అన్నీ కలిపి 150. మొత్తం రోజుకి 1570. అంటే ఒకటిన్నర యూనిట్!

తమాషా ఏంటంటే, మేం భయపడింది మిక్సీకి. 550 వాట్లు కదా అని. కానీ కొబ్బరి చట్నీకి అది తిరిగేది మూడు నిమిషాలే. అయ్యే ఖర్చు 30 వాట్-అవర్లు కూడా కాదు. మూల కూర్చుని చడీచప్పుడు లేకుండా తొమ్మిది గంటలు తాగే ఇంటర్నెట్ డబ్బాయే అసలు దొంగ. గట్టిగా అరిచేది ఎక్కువ తింటుందని అనుకుంటాం గానీ, కరెంటు విషయంలో లెక్కకొచ్చేది వాట్లు ఒక్కటే కాదు, ఎన్ని గంటలన్నది కూడా. పైకప్పు మీది ఏసీ మాత్రం రెండింట్లోనూ రాక్షసే. దాన్ని షీట్‌లోకే రానివ్వలేదు.

సరే, ఎండ ఎంత ఇస్తుంది? జనవరి మధ్యలో ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నెత్తి మీదకి రాడు. దక్షిణం వైపు 35 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. అదే రోజు హైదరాబాద్‌లో 51 డిగ్రీల దాకా ఎక్కుతాడు. అంటే ఇక్కడ బల్లపరుపుగా పడుకోబెట్టిన ప్యానెల్‌కి అందేది సగం కన్నా కాస్త ఎక్కువ. మా 400 వాట్ల ప్యానెళ్ల నుంచి రోజుకి 1000 వాట్-అవర్లు వస్తే గొప్ప. ఆ లెక్కన నాలుగు రోజులకే బ్యాటరీ ఖాళీ. అందుకే బ్రాకెట్లకి ఒకవైపు మడత కీళ్లు, రెండోవైపు ఎత్తి నిలబెట్టే అల్యూమినియం కాళ్లు పెట్టాం. దక్షిణానికి వాల్చి నిలబెడితే 1500 దాటింది.

కరెంటు సమస్య తీరగానే నీళ్ల సమస్య బయటపడింది. ట్యాంకు 115 లీటర్లు. రెండో రోజుకల్లా పప్పు గిన్నెని ముందు టిష్యూతో తుడిచి, తర్వాతే కడగడం అలవాటైంది. కోడ్‌లోనూ అంతే, ఒక బాటిల్‌నెక్ తీసేస్తే దాని వెనకున్నది నవ్వుతూ ముందుకొస్తుంది.

మబ్బు పట్టిన రెండు రోజులు

మా పక్క ట్రైలర్‌లో డెబ్బై దాటిన పెద్దాయన ఒంటరిగా ఉంటాడు. రిటైరైన లారీ డ్రైవర్. సరదాకి వచ్చిన స్నోబర్డ్ కాదు. ఇంటి అద్దె పెరిగిపోయి, పెన్షన్‌తో కట్టలేక ట్రైలర్‌నే ఇల్లు చేసుకున్నాడు. ఆయన దగ్గరున్నది పాత 100 వాట్ల ప్యానెల్ ఒకటి, రెండు పాత లెడ్ యాసిడ్ బ్యాటరీలు. రాత్రి నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉంది. సీప్యాప్ మెషీన్ పెట్టుకుంటేనే నిద్ర. దానికి రాత్రికి దాదాపు 250 వాట్-అవర్లు కావాలి.

శుక్రవారం మబ్బు పట్టింది. శనివారం వాన. మాకు రోజుకి 300 రావడమే గగనమైంది. ఆయనకి అది కూడా లేదు. జనరేటర్ స్టార్ట్ కాలేదు. అయినా రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఇక్కడ చప్పుడు చెయ్యకూడదని రూలు. శనివారం సాయంత్రం అరిసెలు ఇద్దామని వెళ్తే, కుర్చీలో కూర్చుని నిద్రపోవడానికి దిండ్లు సర్దుకుంటున్నాడు. ఏమైందని అడిగితే, ‘పడుకుంటే ఊపిరి ఆగుతుంది, కూర్చుంటే కాస్త నయం’ అన్నాడు, వాన గురించి చెప్పినంత మామూలుగా.

వెనక్కొచ్చి ఇద్దరం యాప్ చూశాం. బ్యాటరీలు 68 శాతం. ‘మావా, సోమవారం నాకు ఆన్‌కాల్ ఉంది రా. ఇంటర్నెట్ పోతే అంతే’ అన్నాడు రూమ్మేట్. అది ఉత్తి భయం కాదు. వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం ఊడితే మళ్లీ వెతుక్కోవడానికి ఉండేది 60 రోజులే. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వాడే లేచి మంచం పరుపు పైకెత్తాడు.

రెండు బ్యాటరీల్లో ఒకటి విప్పి, మోసుకెళ్లి పెద్దాయన మంచం పక్కన పెట్టాం. బరువు పదకొండు పన్నెండు కిలోలు. ఆయన మెషీన్‌కి 12 వోల్టుల వైరు ఉంది. మధ్యలో ఫ్యూజు వేసి కలిపాం. 850 వాట్-అవర్లు ఉన్నాయందులో. మూడు రాత్రులకి సరిపోతాయి.

మిగిలిన దానితో మేం స్టార్‌లింక్ ఆపేశాం, హీటర్ ఆపేశాం, రెండు దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం. సోమవారం పొద్దున రూమ్మేట్ ట్రక్కేసుకుని కొలరాడో నది దాటి, కాలిఫోర్నియా వైపున్న బ్లైత్‌కి వెళ్లాడు. ముప్పై చిల్లర కిలోమీటర్లు. కాఫీ షాపు వైఫైలో ఆన్‌కాల్ చేశాడు. మధ్యాహ్నానికి ఎండ కాసింది. మంగళవారం మేం బయల్దేరేలోపు పెద్దాయన జనరేటర్‌లో కార్బ్యురేటర్ శుభ్రం చేసి స్టార్ట్ చేసుకున్నాడు, బ్యాటరీ తుడిచి మరీ తిరిగిచ్చాడు.

మీరూ ఎప్పుడైనా ట్రైలర్‌కో, వ్యాన్‌కో, ఊళ్లో ఇంటికో ప్యానెళ్లు పెట్టాలనుకుంటే ముందు షాపుకి వెళ్లకండి. వారం రోజులు ఏది ఎన్ని గంటలు తిరుగుతోందో రాయండి. ఎన్ని వాట్ల ప్యానెల్ కావాలో ఆ కాగితమే చెప్తుంది. దానికి మబ్బు రోజులు రెండు కలపండి.

మా షీట్‌లో ఇప్పుడు ఇంకో వరుస ఉంది. రూమ్మేట్ రాసింది. ‘పక్క ట్రైలర్: 250’.