సవారీ దుఆ

శ్రీనగర్ నుండి లేహ్ వరకు సాగే రహదారి పొడవు సుమారు 420 కిలోమీటర్లు. 3,528 మీటర్ల ఎత్తున ఉన్న జోజిలా కనుమ దాటితే కాశ్మీరపు పచ్చదనం వెనుకబడి బోడికొండలు మొదలవుతాయి. ద్రాస్, కార్గిల్ దాటాక వచ్చే ఫోతులా 4,108 మీటర్లతో ఈ దారిలో అత్యున్నత స్థలం.

కార్గిల్‌లో జుహర్ నమాజు ముగించి మసీదు వెలుపలికి రాగా, మాకు బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ అడ్వెంచర్ మోటారుసైకిలు కనిపించింది. 1,254 సీసీ ఇంజను, 30 లీటర్ల ట్యాంకు, ఇంధనంతో కలిపి 268 కిలోల బరువు, ఇరువైపులా సామానుపెట్టెలు. హెల్మెట్ ధరిస్తున్న యువకుని పెదవులు కదులుతున్నాయి. మేము సలాం చేసి అడుగగా, "సవారీ దుఆ, మౌలానా" అన్నాడు.

అజ్ జుఖ్రుఫ్ సూరా 13, 14 ఆయతులు నేర్పిన దుఆ అది. ఓడలు, పశువుల ప్రస్తావన వెంట వచ్చిన ఆ దుఆ ఈ యంత్రానికీ వర్తిస్తుంది. వాహనాన్ని లోబరచినవాడు అల్లాహ్. అది మన శక్తికి లొంగినది కాదు. మనం మరలవలసినది ఆయన సన్నిధికే.

ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి ఇంజను బలమూ, మనిషి ఊపిరీ తగ్గుతాయి. అందుకే మధ్యలో ఆగి శరీరాన్ని ఆ ఎత్తుకు అలవాటు చేయాలి, చీకటి పడకముందే బస చేరాలి. ప్రయాణికునికి నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుకు తగ్గించిన షరీఅత్, అలసిన దేహాన్ని పరుగెత్తించమంటుందా?

ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానతు. తల్లిదండ్రులారా! కుమారుని చేతికి తాళంచెవి ఇచ్చేనాడు ఈ దుఆ అర్థాన్ని కూడా బోధించండి. అల్లాహ్ మన బిడ్డలను క్షేమంగా ఇల్లు చేర్చుగాక! ఆమీన్.