వి.పి.పి.లో వచ్చిన జునూన్

మాకు పాటంటే ఖవ్వాలీ. ఉర్సు రాత్రి దర్గా ముందు జంపఖానా మీద కూచుని, నిద్రకు తూగుతూ తెల్లారేదాకా విన్నదే మా సంగీతం. నానీ ఇంట్లో సాబ్రీ బ్రదర్స్, అజీజ్ మియా క్యాసెట్లు అరిగిపోయేదాకా తిరిగినయి. వాళ్ళు పాకిస్తాన్ వాళ్ళని మాకెవరూ చెప్పలేదు. అప్పటిదాకా ఆ అవసరం రాలేదు.

1998 మొదట్లో షాదీకని ఆదిలాబాద్ పోయినప్పుడు చుట్టాలింట్లో కేబుల్ టీవీ మీద ‘సయోనీ’ చూసినం. జుట్టు పెంచిన మనుషులు, కరెంటు గిటారు, దాని పక్కన తబలా. గొంతులో ఖవ్వాలీ ఉంది, మోత మాత్రం మేం ఎన్నడూ విననిది. పాడేవాళ్ళ పేరు జునూన్. పిచ్చి అని అర్థం. దాన్ని రాక్ అంటారని మాకప్పుడు తెలియదు.

ఉట్నూరులో ఆ క్యాసెట్టు ఎక్కడ దొరుకుతుంది? బస్టాండు దగ్గరి కొట్టులో తెలుగు సినిమాలు, హిందీ సినిమాలు, అంతే. హైదరాబాదులో ఆబిడ్స్ దుకాణపాయనకు కార్డు రాస్తే వి.పి.పి.లో పంపుతాడని ఎవరో చెప్పిన్రు. పార్సిలు ఇంటికొచ్చినంక పోస్ట్‌మ్యాన్‌కు పైసలిస్తే, అవి మనియార్డరై దుకాణానికి చేరేవి. ముందు ఇచ్చేది లేదు, మోసపోయేది లేదు. అమెరికాలో 1955లోనే కొలంబియా కంపెనీ రికార్డు క్లబ్బు పెట్టి పోస్టులో రికార్డులు పంపేదని పేపరు ఉద్యోగంలోకి వచ్చినంక చదివినం. అక్కడ పిల్లలు ఎర ధరకు మొదటి రికార్డులు తెప్పించుకుని, తర్వాత మామూలు ధరకు కొనలేక తిప్పలుపడేవాళ్ళట. మా తిప్పలు మొదటి క్యాసెట్టుకే.

మేమంటే ముగ్గురం. మేం, మా చాచా కొడుకు, ఇంకో పర్ధాన్ దోస్తు. మే నెలంతా తునికాకు కల్లంలో కట్టలు లెక్కపెట్టినం. ఆ నెల 11న, 13న పోఖ్రాన్‌లో బాంబులు పేలినయి. 28న వాళ్ళు చాగాయ్‌లో పేల్చిన్రు. కల్లం దగ్గర పెద్దవాళ్ళు అదే ముచ్చట. మాకు మాత్రం కూలి ఎప్పుడు చేతికొస్తదన్నదే ధ్యాస.

జూన్‌లో పార్సిలు వచ్చింది. ‘ఆజాదీ’ అనే క్యాసెట్టు, 1997ది. జెద్దా నుంచి మామూ తెచ్చిన టేప్‌రికార్డర్‌లో పెట్టినం. ముగ్గురం చప్పుడు చెయ్యకుండా కూచున్నం. పంజాబీ మాటలు సగం అర్థం కాలేదు. ఆ మాటకొస్తే వాళ్ళ ఉర్దూ కూడా మా దక్కనీ కాదు. ‘నక్కో’, ‘హౌ’ అనేటోళ్ళం మేం. మా పర్ధాన్ దోస్తుకు ఉర్దూ బజారు మాట వరకే వచ్చు. వాళ్ళ నాయిన గోండు పటేళ్ళ ఇండ్లల్లో కిక్రీ వాయిస్తూ కథలు చెప్తడు. గిటారు తీగ సాగదీసినప్పుడల్లా వాడు తలెత్తేవాడు. “మా కిక్రీ లెక్కనే ఏడుస్తున్నది” అన్నడు. మా ముగ్గురిలో ఆ పాట ముందుగా అందింది వాడికే.

మసీదు దగ్గరి పెద్దమనుషులు గానా బజానా హరామ్ అన్నరు. అబ్బా కూడా మొదట కోపం చేసిండు. ఓ రోజు ‘ఖుదీ’ పాట నడుస్తుంటే గడపలో ఆగిపోయిండు. అది ఇక్బాల్ కవిత. ఉర్దూ మీడియంలో చదివిన మనిషి, కంఠతా వచ్చు. “ఇన్కో గానా ఆతా క్యా?” అని గొణిగి, పాట అయిపోయేదాకా కదల్లేదు. మేం బడిలో పాడిన ‘సారే జహాఁ సే అచ్ఛా’ రాసింది ఆ ఇక్బాలే. ఆయన 1938లోనే చనిపోయిండు, పాకిస్తాన్ పుట్టక ముందే. తర్వాత అదే దేశం ఆయన్ను జాతీయ కవిని చేసుకుంది. మరి ఇక్బాల్‌ను ఇంట్లో పెట్టుకున్న అబ్బాను ఏ దేశపోడనాలె?

ఈ ప్రశ్న ఊరికే రాలేదు. హోటల్లో చాయ్ తాగుతుంటే తెలిసినాయనే ఒకాయన నవ్వుతూ అడిగిండు: “ఏం రా, పాకిస్తానోళ్ళ పాటలింటున్నరట? ఆడికే పోరాదుండ్రి.” పక్కనున్న పర్ధాన్ దోస్తును ఆ మాట అనలేదు. క్యాసెట్టులో మూడో వంతు వాడిదే. ఆ రోజు వాడు చాయ్ సగంలో వదిలేసి లేచిండు.

కొన్నాళ్ళకు ఉర్దూ పేపర్లో ఓ వార్త చూసినం. అణుపరీక్షల మీద సంబరపడకుండా విమర్శించినందుకు జునూన్‌ను వాళ్ళ ప్రభుత్వం టీవీలో, రేడియోలో బంద్ పెట్టింది. మమ్మల్ని ‘ఆడికే పో’ అంటున్నరు. ఆడ వీళ్ళనే నోరు మూసుకోమంటున్నరు. ఆ గిటారు వాయించే సల్మాన్ అహ్మద్ చిన్నతనం కొంత న్యూయార్క్ దిక్కు గడిచింది, లెడ్ జెప్లిన్ విని పిచ్చెక్కినవాడు. బేస్ గిటారు వాయించే బ్రయాన్ ఓ’కానెల్ అమెరికా వాడే. అమెరికా మోత లాహోరు, కరాచీ తిరిగి పోస్టులో ఉట్నూరు వచ్చింది. ఇంత దూరం తిరిగిన పాటకు ఒక్క దేశం ముద్రే కొట్టిన్రు.

1999 ఎండాకాలం కార్గిల్. ఊళ్ళో ఎవరూ మమ్మల్నేమీ అనలేదు. అబ్బా మాత్రం ఓ రాత్రి తలుపేసి, క్యాసెట్ల అట్టపెట్టె ముందు కూచున్నడు. ‘ఆజాదీ’ కాగితం తీసి పొయ్యిలో వేసిండు. క్యాసెట్టు పారెయ్యలేదు. ‘చూడాలని ఉంది’ డబ్బాలో పెట్టి మూత నొక్కిండు. “ధీమా సునో” అన్నడు, మెల్లగా వినమని.

యుద్ధం అయిపోయినా డబ్బా మార్చలేదు. అబ్బా పోయినంక పెట్టె తెరిస్తే క్యాసెట్టు అందులోనే ఉంది. పైన చిరంజీవి నవ్వుతున్నడు.