అరసవల్లి నుంచి కోణార్క్ దాకా, పిల్లలతో

సంక్రాంతి సెలవులకి ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని, ఇంట్లో పిల్లలందర్నీ కోణార్క్ తీసుకెళ్దామనుకుంటున్నాం. అరసవల్లిలో దణ్ణం పెట్టుకుని బయల్దేరి, ముఖలింగం, చిలికా, పూరీ చూసుకుంటూ కోణార్క్ సూర్యుడి గుడికి చేరాలి.

ఈ దారే ఎందుకంటే, ఇది మన చరిత్ర నడిచిన దారి. ముఖలింగం ఒకప్పుడు తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం. అక్కణ్ణుంచి ఏలిన అనంతవర్మ చోడగంగుడే 12వ శతాబ్దంలో పూరీ జగన్నాథుడి గుడి కట్టడానికి పూనుకున్నాడు. అదే వంశంలోని నరసింహదేవుడు 13వ శతాబ్దంలో కోణార్క్ కట్టించాడు. ఆ రథచక్రాల ముందు నిలబడి, ‘వీళ్ల పాత రాజధాని మా శ్రీకాకుళంలోనే ఉంది’ అని మన పిల్లలు గట్టిగా చెప్పగలగాలి.

ప్లాన్ మాత్రం పిల్లల ఓపికని బట్టే. రెండు గంటలకోసారి బండి ఆగాల్సిందే. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పిల్లలకి మేత పెడుతుంటే చూడ్డానికి ఒక పూటంతా ఉంచాం. పలాసలో జీడిపప్పు కొనుక్కోవాలి. చిలికా ఒడ్డున రాత్రి బస, పొద్దున్నే పడవ. జంతికలు, మరమరాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు చేతికందేలా పెట్టుకోవాలి. కడుపులో తిప్పే చిన్నదానికి కిటికీ పక్క సీటు.

డ్రైవర్ రాత్రికి రాత్రే పూరీ చేర్చేస్తానంటున్నాడు. వద్దన్నాం. డ్రైవర్‌కీ నిద్ర కావాలి, పిల్లలకీ దారి కనిపించాలి.