చౌక టిక్కెట్టు

మా యమ్మాయి రష్యాదేశపు తూర్పుకొసనున్న వ్లాదివొస్తోకు అను రేవుపట్టణమున వైద్యవిద్య నభ్యసించుచున్నది. దానిని జూచి రెండేండ్లాయెను. సంక్రాంతి వెళ్లిన పిమ్మట పోయి, వారము దినములుండి రావలెనని మేము దంపతులము తలచి, సెల్‌ఫోనులో విమానపు టిక్కెట్లు వెదకసాగితిమి. చలికాలమున నచ్చటికి యాత్రికులు తక్కువ గనుక ధరలు తగ్గును. అందునను ఢిల్లీనుండి మాస్కోకు ఒకటియు, అచ్చటినుండి వేరొకటియుగా కొన్నచో పదునెనిమిదివేల రూపాయలు మిగులునని తేలినది. ఆ సొమ్ముతో అమ్మాయికి మంచి చలికోటు కొనవచ్చునని మురిసిపోయితిమి.

తేదీలు చూచితిమి, వేళలు చూచితిమి. విమానాశ్రయముల పేర్లు మాత్రము చూడలేదు. మాస్కోలో నవి ఒకటి కాదు. మేము దిగినది నగరమునకు ఉత్తరముననున్న షెరెమెత్యెవొ. ఎక్కవలసినది దక్షిణముననున్న దొమొదేదొవొ. కురియు మంచులో నా మహానగరమును దాటి చేరునప్పటికి విమానము పోయినది. టిక్కెట్లు వేరువేరు గనుక బాధ్యత ఎవరిదియు గాదట! 2022 మార్చినుండి మన వీసా, మాస్టరుకార్డు కంపెనీల కార్డులు ఆ దేశమున చెల్లవు. సంచిలోని రొక్కముతోనే క్రొత్త టిక్కెట్లు కొంటిమి. మిగిలిన పదునెనిమిదివేలును, వానితో మరి ముప్పదివేలును పోయినవి. ఇంటికడ నైనచో తప్పు నీదన నీదని వాదించుకొందుము గాని, ఆ రాత్రి కుర్చీలలో గూర్చున్న మాకు నోరు రాలేదు.

ఏడు దినములలో నొకటి తరిగినది. అమ్మాయి మమ్ము జూచి, "నిన్నటి పప్పన్నము చల్లారిపోయినదమ్మా" అని మాత్రమనెను.

ఆ యూరు 1860లో రష్యనులు సైనికస్థావరముగా స్థాపించినది. స్వర్ణశృంగమను అఖాతముపై 2012లో తెరచిన వంతెన యెంతో సొగసైనది. మాది విశాఖపట్టణము, కొండలును కడలియు మాకు క్రొత్తగావు, కడలి గడ్డకట్టుటయే క్రొత్త. అమూరు అఖాతముమీద జనులు పీటలు వేసికొని, మంచుగడ్డకు రంధ్రములు చేసి, చిన్నచేపలు పట్టుచుండిరి. అమ్మాయి చేయి పట్టుకొని మేమును ఆ సముద్రముమీద నడచితిమి. మొదట అడుగు పడలేదు.

నగరము నడుమ ఎలినార్ ప్రే అను అమెరికా వనితకు 2014లో విగ్రహము నిలిపిరి. ఆమె 1894లో భర్తతో వచ్చి, 1930వరకు అచ్చటనే కాపురముండి, స్వదేశమందలి తనవారికి ఊరిలోని మంచిచెడ్డలన్నియు ఉత్తరములలో వ్రాయుచుండెను. ఆ జాబులే నేడు గ్రంథమైనవి. అమ్మాయి ఆ విగ్రహమును చూపి, "ఈమెకు ముప్పదియారేండ్లమ్మా, నాకింక నాలుగే" అనెను. మేము బదులు చెప్పలేక మంచును జూచుచు నిలిచితిమి.

కోటు కొనలేదు. మేము కప్పుకొని పోయిన శాలువనే దానికిచ్చితిమి. బయలుదేరునాడు అమ్మాయి మా తిరుగు టిక్కెట్లలోని విమానాశ్రయముల పేర్లను బిగ్గరగా చదివి, ఒక్కొక్కదాని క్రింద ఎఱ్ఱసిరాతో గీతగీసి మా చేతికిచ్చినది.