మంత్రగత్తెకు గోచీకట్టు

నాటింగ్‌హామ్‌లో ఉద్యోగం వచ్చిందంటే మా వాళ్ళందరికీ రాబిన్‌హుడ్ గుర్తొచ్చాడు. అక్కడికి వెళ్ళి కుదురుకున్నాక తెలిసింది, అది బొమ్మల ఊరని. 1970ల చివర్లో ఆ దగ్గర్లోని న్యువార్క్‌లో సిటాడెల్ మినియేచర్స్ వాళ్ళు సీసం కలిసిన లోహంతో బొటనవేలంత యోధుల్నీ రాక్షసుల్నీ పోతపోయడం మొదలుపెట్టారు. లండన్‌లో పుట్టిన ఆటల కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ తర్వాత మకాం ఇటు మార్చింది. అక్కడ పని నేర్చిన శిల్పులు కొందరు వేరు కుంపట్లు పెట్టుకున్నారు. ఈ సరదా ఉన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని ఇప్పటికీ 'లెడ్ బెల్ట్', అంటే సీసపు పట్టీ, అంటారు. ఊళ్ళోని లెంటన్‌లో గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ళ వార్‌హామర్ వరల్డ్ ముందు వాళ్ళ ఆటలోని సైనికుడు, కవచం తొడుక్కున్న స్పేస్ మెరీన్ విగ్రహం ఒకటి నిలబడి ఉంటుంది. మా వైపు అయితే ఆ చోట ఏ నాయకుడో చెయ్యెత్తి నిలబడి ఉండేవాడు.

నాది తెనాలి. బడి నుంచి వచ్చే దారిలో శిల్పశాలల ముందు తలలు ఒక పక్క, మొండేలు ఒక పక్క ఆరబెట్టి ఉండేవి. మట్టితో నమూనా చెయ్యడం, దాని మీద ప్లాస్టర్ అచ్చు తియ్యడం, ఆ అచ్చులో రెజిన్ పూస్తూ ఫైబర్ పరవడం... పదేళ్ళ వయసులోనే ఆ వాసన నాకు అలవాటు. అందుకే కాబోలు, ఆఫీసులో తోటివాడొకడు ఒక గురువారం సాయంత్రం పబ్బు మేడ మీద బొమ్మల క్లబ్బు గదికి తీసుకెళ్ళి అక్కడ బల్లల మీద వంగి రంగులేస్తున్న మనుషుల్ని చూపిస్తే, వింతగా అనిపించలేదు.

కొన్నాళ్ళు చిన్న ప్లాస్టిక్ సైనికుల మీద చెయ్యి తిప్పాక, ఒక రెజిన్ బొమ్మ కొన్నాను. 75 మిల్లీమీటర్ల ముసలి మంత్రగత్తె. చేతిలో వంకర కర్ర, భుజాన తోడేలు తోలు, తల మీద ముసుగు, నేల మీద జీరాడే అంగీ, దాని కింద బోసి పాదాలు. నేను ఆ పెట్టె కొన్నది ముఖం చూసి. పళ్ళూడి లోపలికి పోయిన బుగ్గలు, పైకి తేలిన దవడ ఎముకలు, చూపు ఎవర్నో తిట్టబోతున్నట్టు. అది మా నాయనమ్మ ముఖం. చెక్కినవాడు యూరప్‌లో ఎక్కడో కూర్చుని ఎవర్ని చూసి చెక్కాడో, ముఖం మాత్రం ఆవిడదే. ఆ ముసుగూ అంగీ తీసేసి, ఆవిడ కట్టుకునే గోచీకట్టు చీర కట్టాలనుకున్నాను.

క్లబ్బులో ఒక పెద్దాయన ఉండేవారు. ఒకప్పుడు పోతపోసే చోట పనిచేసి రిటైరయ్యారు. నా ఆలోచన విని, "ముందు కడుగు, తర్వాత కలలు కను" అన్నారు.

కడగడం లాంఛనం కాదు. పాలీయురెథేన్ రెజిన్ రెండు ద్రవాలు. కలిపి సిలికోన్ అచ్చులో పోస్తే నిమిషాల్లో గట్టిపడుతుంది. బొమ్మ అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి పూసే జారుడు మందు దాని ఒంటికే అంటుకుని ఉంటుంది. గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చని నీళ్ళు, పాత టూత్‌బ్రష్‌తో దాన్ని వదిలించకపోతే తర్వాత వేసే రంగు పొరలు పొరలుగా లేచిపోతుంది. కడిగాక లోపాలు బయటపడ్డాయి. అచ్చు రెండు సగాలూ కలిసిన చోట సన్నటి గీత. పోతలో గాలి ఇరుక్కుని మోచేతి కింద, చీలమండ దగ్గర గుంటలు. కర్ర పెట్టెలోనే వంగిపోయింది. వేడినీళ్ళలో ముంచితే రెజిన్ మెత్తబడుతుంది, తిన్నగా చేసి వెంటనే చన్నీళ్ళలో పెడితే అలాగే బిగుసుకుంటుంది. తెల్లారేసరికి కర్ర మళ్ళీ వంగింది. పెద్దాయన దాన్ని పారేయించి ఒక మిల్లీమీటరు ఇత్తడి కడ్డీ చేతికిచ్చారు. పుట్టీతో దానికి కణుపులు పెట్టుకున్నాను.

కోత పని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, దుమ్ము గురించి తప్ప. రెజిన్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు. నీళ్ళలో ముంచి వాటర్ పేపర్‌తో రుద్దాలి, పొడిగా కొయ్యక తప్పని చోట మంచి మాస్కు ఉండాలి. ముసుగు, తోడేలు తోలు, అంగీ, అన్నీ కొద్దికొద్దిగా చెక్కి తీసేశాను. అంగీ లోపల కాళ్ళు లేవు, ఉత్త దిమ్మె. పాదాలు కోసి పక్కన పెట్టి, ఇత్తడి తీగలతో ఎముకలు కట్టి, వాటి మీద పిక్కలూ తొడలూ పుట్టీతో పెట్టాల్సి వచ్చింది. రెజిన్‌కి ప్లాస్టిక్ బొమ్మల సిమెంటు అంటదు, సూపర్ గ్లూ కావాలి. అదీ ఒట్టిగా నిలవదు. రెండు వైపులా చేతి డ్రిల్లుతో సన్నటి బెజ్జం వేసి, మధ్యలో తీగ ముక్క దించి అతికిస్తేనే చెయ్యి భుజాన్ని వదలకుండా ఉంటుంది.

ఇక చీర.

ఈ పనికి వాడే పుట్టీని అందరూ గ్రీన్ స్టఫ్ అంటారు. నీలం, పసుపు రెండు పట్టీలుగా వస్తుంది, పిసికితే ఆకుపచ్చ అవుతుంది. పసుపు ఎక్కువైతే మెత్తగా, జిగటగా ఉంటుంది; నీలం ఎక్కువైతే గట్టిగా, అంచు పదునుగా వస్తుంది. గంటా గంటన్నర చేతిలో ఆడుతుంది. టాల్కం పౌడరు చల్లి చపాతీలా పల్చగా ఒత్తి, కాస్త బిగిశాక ఎత్తి బొమ్మకు చుట్టాలి. నాటింగ్‌హామ్‌లోనే ఉండే బొమ్మల శిల్పులు పెర్రీ కవలల్లో మైకేల్ పెర్రీ, పాత యుద్ధాల్ని తిరిగి ఆడి చూపించే చోట ఫిరంగి ప్రమాదంలో కుడిచెయ్యి పోగొట్టుకుని, ఎడమచేత్తో చెక్కడం నేర్చుకుని మళ్ళీ వందల బొమ్మలు చేశారు. వేళ్ళకి పుట్టీ అంటుకుంటోందని నేను విసుక్కున్నప్పుడల్లా పెద్దాయన ఈ సంగతి ఎత్తేవారు. రెండోసారి ఎత్తాక విసుక్కోవడం మానేశాను.

అసలు చిక్కు వేరే. బొమ్మ కొలత మనిషిలో 24వ వంతు. తొమ్మిది గజాల చీర ఆ లెక్కన 34 సెంటీమీటర్ల పొడుగు, దాదాపు 5 సెంటీమీటర్ల వెడల్పు. పుట్టీని ఎంత పల్చగా ఒత్తినా అర మిల్లీమీటరు. అంటే మనిషి కొలతలో 12 మిల్లీమీటర్ల మందం గుడ్డ. అది చీర కాదు, బొంత. పెద్దాయన దీనికి ఒక కిటుకు చెప్పారు. మధ్యలో మందం ఎవరికీ కనపడదు. కంటికి ఆనేది అంచు ఒక్కటే. అంచుని మాత్రం గట్టిపడ్డాక సన్నటి వాటర్ పేపర్‌తో లోపలి వైపు నుంచి అరగదీస్తే మిగతాదంతా పల్చటి నేతలా కనిపిస్తుంది. చీరంతా ఒక్క ముక్కగా చుట్టకూడదని కూడా ఆయనే చెప్పారు. గోచీ ఒకరోజు, కుచ్చిళ్ళు ఇంకోరోజు, పైట ఆఖరున.

ఆయన చెప్పలేనిది ఒకటే, ఆ గుడ్డ ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో. నాకూ తెలియదు. చిన్నప్పుడు రోజూ చూశాను, ఒక్కసారీ పరికించలేదు.

అమ్మకి వీడియో కాల్ చేశాను.

"నాకేం వస్తుందిరా గోచీ పోసి కట్టడం, మీ నాయనమ్మతోనే పోయింది. ఉండు, పక్కింటి మామ్మ ఇంకా అట్టానే కట్టుద్ది," అని ఫోను పట్టుకుని గోడ అవతలికి వెళ్ళింది. మామ్మ వాకిట్లో మినుములు చెరుగుతోంది. విషయం చెబితే ఫోను వైపు వింతగా చూసింది.

"బొమ్మకి చీరేందయ్యా? ఆడ ఆడపిల్లలే కట్టరంటగా!"

అంటూనే లేచి, కట్టుకున్న చీర మీదే ఇంకో చీర తెప్పించుకుని చూపించింది. నడుముకి ఒక చుట్టు తిప్పి ముడేసింది. ముందు కుచ్చిళ్ళు పట్టింది. వాటి కిందికొసలు కాళ్ళ మధ్య నుంచి వెనక్కి లాగి నడుం దగ్గర దోపింది. మిగిలింది చుట్టి పైటేసి, కొంగు బొడ్డు పక్కన దోపుకుంది. "ఇదిగో, ఈడ బిగించాలి," అని వెనక దోపు మీద తట్టింది. "ఈడ వదులైతే పొలంలో వంగినప్పుడు మొత్తం ఊడొస్తది."

కూర్చోమన్నాను, వంగమన్నాను, గంప ఎత్తుకున్నట్టు నిలబడమన్నాను. అమ్మ నవ్వుతూ తీసింది. నేను స్క్రీన్ మీద మడతల్ని చూస్తూ కూర్చున్నాను. అప్పటిదాకా నాకు మడతంటే గుడ్డ మీద గీత. మామ్మ చీరలో ప్రతి గీతా ఒక బిగింపు దగ్గర పుట్టి ఇంకో బిగింపు దాకా పోతోంది. వెనక దోపు దగ్గర మొదలైనవి తొడల చుట్టూ తిరిగి మోకాలు దగ్గర చచ్చిపోతున్నాయి. బొడ్డు ముడి దగ్గరవి కిందికి జారుతూ విచ్చుకుంటున్నాయి. ఒక కాలు ముందుకేస్తే ఆ వైపువి తిన్నగా బిగుసుకుని, రెండో వైపువి వదులై సగంలో విరుగుతున్నాయి. దీని తర్వాత వంటింటి అల్యూమినియం రేకుని 34 సెంటీమీటర్లు కత్తిరించి, మామ్మ చేసినట్టే బొమ్మకి కట్టి చూసుకున్నాను. రేకు ఎక్కడ ముడతపడితే అక్కడ పుట్టీ మీద గీసుకున్నాను. క్లబ్బులో బాగా చెక్కేవాళ్ళు ఉన్నారు, నాకంటే వెయ్యి రెట్లు నేర్పున్నవాళ్ళు. కానీ ఈ చీర వాళ్ళు చెక్కితే బాత్‌టవల్ చుట్టినట్టే ఉంటుందని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. మామ్మ వాళ్ళకి పక్కిల్లు కాదు కదా.

ముసుగు పోయిన తలకి జుట్టు దువ్వి కొప్పు పెట్టాను. ముక్కుకి రెండు వైపులా ఆవగింజలో పదో వంతు పుట్టీ ఉండలు.

ప్రైమర్ కుంచెతోనే వేశాను. అక్కడి చలికాలం చెమ్మలో స్ప్రే డబ్బా వాడితే రంగు ఇసక చల్లినట్టు గరుకుగా దిగుతుంది. ముందు నలుపు, ఆరాక పైనుంచి వెలుగు పడే చోట్లకి తెలుపు. ఎక్కడ వెలుగో ఎక్కడ నీడో ముందే తేలిపోతే తర్వాత పలచటి రంగు పొరలు వేసుకుంటూ పోవచ్చు.

చర్మం దగ్గర ఆగిపోయాను. క్లబ్బు సొరుగులో ఎల్ఫుల చర్మానికి ఒక డబ్బా ఉంది, మరుగుజ్జుల చర్మానికి ఒక డబ్బా ఉంది. రెండూ గులాబి రంగే. మా నాయనమ్మ నల్లటి మనిషి. పుస్తకాల్లో చెప్పిన పద్ధతి, మూలరంగులో తెలుపు కలుపుతూ వెలుగు తేవడం. ముదురు గోధుమరంగులో తెలుపు పడితే వెలుగు రాదు, ఒళ్ళంతా బూడిద తేలుతుంది. కాబట్టి తెలుపుని బల్ల మీంచి తీసేశాను. ముదురు గోధుమకి కాస్త ఇటికరంగు కలిపి మూలం చేసుకుని, నీడలకి ఊదా, వెలుగులకి పసుపు ఓకర్ వాడాను. నల్లటి ఒంటి మీద వెలుగు పరుచుకోదు. నుదుటి మీద, ముక్కు దూలం మీద, భుజం మీద చిన్నగా, పదునుగా మెరుస్తుంది. ఎండలో నిలబడ్డ మనిషిలో ఆ మెరుపు కొంచెం నీలంగా కూడా ఉంటుంది, అది ఆకాశం. అరచేతులు, అరికాళ్ళు లేత. మోచిప్పలు, వేళ్ళ కణుపులు ఇంకా ముదురు. ఇవన్నీ తెలిసిన ముఖం కనక తేలిగ్గానే వచ్చాయి.

చీరకి వంగపండు రంగు, ఆవరంగు అంచు. రెండంగుళాల అంచు ఆ కొలతలో రెండు మిల్లీమీటర్లు. అందులో మంగళగిరి నిజాం అంచు వేద్దామని పంతం పట్టాను. ఒకటో నంబరు కొలిన్‌స్కీ వెంట్రుకల కుంచె, మొన మీద చుక్కంత రంగు, ఊపిరి బిగబట్టి చిన్న చిన్న గోపురాలు. కుచ్చిళ్ళ మీద అవి వరసగా పోకూడదు. మడతలోకి దిగిన చోట మాయమై, అవతల గట్టు మీద తేలాలి; పక్కకి తిరిగిన మడతలో నొక్కుకుపోవాలి. ఈ ఒక్క అంచుకీ మిగతా బొమ్మంతటికీ పట్టినంత కాలం పట్టింది.

గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ళు 1987 నుంచి గోల్డెన్ డీమన్ అని రంగుల పోటీ పెడతారు, అందరిలో గెలిచినవాడికి నిజమైన కత్తే బహుమతి. నా బొమ్మ అలాంటి చోటికి పోయేది కాదు. క్లబ్బు వాళ్ళు ఏడాదికోసారి బల్ల మీద వరసగా పెట్టుకుని చూసుకుంటారు, అక్కడ పెట్టాను. పెద్దాయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, వెనక దోపు దగ్గర చాలాసేపు చూసి, "ఇది ఊడిరాదు," అన్నారు. ఒక కుర్రవాడు వచ్చి ఈమె ఏ సైన్యానికి చెందిందని అడిగాడు. ఏ ఆట, ఏ పక్షం అని వాడి ఉద్దేశం. గుంటూరు జిల్లా అన్నాను. వాడు బుద్ధిగా తలూపి రాసుకున్నాడు.

ఆ రాత్రి ఫొటోలు పంపితే అమ్మ మామ్మని పిలుచుకొచ్చింది.

"అచ్చం మీ అత్తే," అంది మామ్మ అమ్మతో. తర్వాత నాతో, "ఎంతకమ్ముతావయ్యా?"

"అమ్మను మామ్మా."

"మరెందుకయ్యా ఇంత యాతన?" అని, ఫోను దగ్గరికి లాక్కుని కింది నుంచి పైకి ఇంకోసారి చూసింది. "కాళ్ళకి కడియాలేవి? కడియాల్లేకుండా ఆవిడ గడప దాటేదా?"

మర్నాడు డ్రిల్లు పుల్లకి సన్నటి రాగి తీగ చుట్టి, రెండు చుట్లు కత్తిరించి చీలమండలకి తొడిగాను. వాటికి వెండి రంగు వేశాను. రాగి తీగని రాగిలాగే వదిలేస్తే దానికీ మామ్మ ఏదో ఒకటి అంటుంది.